ఇచ్చిన అక్షరాల్లోంచి ఇంగ్లిష్ మాటలు రాబట్టడం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సూటిగా విషయంలోకి వస్తాను. చేతిలో కొన్ని ఇంగ్లిష్ అక్షరాలున్నాయి, వాటితో ఏయే మాటలు వస్తాయో కావాలి. అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు పేర్చే స్క్రాబుల్ ఆడేవాళ్లకీ, పేపర్లో జంబుల్ పూరించేవాళ్లకీ, ఫోన్లో వర్డ్‌ల్ ఆడే పిల్లలకీ, క్లాసులో స్పెల్లింగ్ ఆటలు పెట్టే టీచర్లకీ రోజూ ఎదురయ్యే పనే ఇది. దీనికి చాలామంది చేసేదేమిటంటే, అక్షరాలను అటూ ఇటూ తిప్పుతూ ఏదైనా తగులుతుందేమోనని చూస్తూ కూర్చోవడం. ఏడు వేర్వేరు అక్షరాలను 5,040 రకాలుగా పేర్చవచ్చు. రెండక్షరాల మాటల దగ్గర్నుంచి ఏడక్షరాల మాటల దాకా అన్ని పేర్పులూ లెక్కేస్తే 13,692. కళ్లు కాయలు కాస్తాయి తప్ప పని తెమలదు. తిప్పడం మానేసి వెతకడం ఎలాగో ఇవాళ చూద్దాం.

బోర్డు మీద ఏడు అక్షరాలు రాస్తున్నాను: ఎ, డి, ఇ, ఐ, ఎన్, ఆర్, టి. చాలాసేపు వీటితోనే పని.

"ఈ అక్షరాలతో మాటలు చెప్పండి" అని ఎవరైనా అడిగితే, వెంటనే వెతుకులాట మొదలుపెట్టకండి. ఆ ఒక్క వాక్యం కింద ఐదు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఏది అడుగుతున్నారో తేల్చుకోకుండా దిగితే, వచ్చిన జవాబుల్లో సగం పనికిరావు.

మొదటి ప్రశ్న: ఏడూ వాడాలి, ఒక్కోటీ ఒక్కసారే, బయటి అక్షరం కలపకూడదు. దీన్నే అనగ్రామ్ అంటాం. మన ఏడు అక్షరాలకు ట్రెయిన్డ్ ఒకటి, రైలు దిగడం అనే అర్థంలో వాడే డీట్రెయిన్ ఇంకొకటి. రెండో ప్రశ్న: ఏడింట్లో కొన్ని వాడినా చాలు, కానీ ఏ అక్షరాన్నీ ఉన్నదానికంటే ఎక్కువసార్లు వాడకూడదు. స్క్రాబుల్లో మన ముందున్న ఏడు బిళ్లలకు వర్తించేది ఇదే. ఇక్కడ టిరేడ్, రెటీనా, రిటెయిన్, డిటెయిన్, ట్రెండ్, డ్రెయిన్, డైనర్, ఇలా జాబితా పెద్దదే అవుతుంది.

మూడో ప్రశ్నలో ఈ ఏడు తప్ప వేరే అక్షరం రాకూడదు, ఉన్నవాటిని మాత్రం ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. న్యూయార్క్ టైమ్స్ వాళ్ల స్పెల్లింగ్ బీ ఇలాంటిదే. అక్కడ నడిమి గడిలోని అక్షరం తప్పనిసరి, మాట నాలుగక్షరాలకు తగ్గకూడదు అనే షరతులు అదనం. ఈ లెక్కలో ఎంటర్‌టెయిన్డ్ కూడా చెల్లుతుంది. ఇ మూడు, ఎన్ రెండు, టి రెండు, మిగతా నాలుగూ ఒక్కొక్కటి, మొత్తం పదకొండు అక్షరాలు, అన్నీ మన ఏడింట్లోవే.

నాలుగోది: ఏడూ ఉండి తీరాలి, పక్కన ఇంకేవి ఉన్నా ఫర్వాలేదు. డిటర్మినేషన్ స్పెల్లింగ్ రాసుకుని చూడండి, ఏడూ దొరుకుతాయి. అడ్మినిస్ట్రేట్‌లోనూ అంతే. ఐదోది: అక్షరాలు ఇచ్చిన వరుసలోనే రావాలి, మధ్యలో ఏమున్నా సరే. టి, ఆర్, ఎన్ అని ఇస్తే టర్న్, థ్రోన్, రిటర్న్, ఆఫ్టర్‌నూన్ అన్నీ సరిపోతాయి. ప్రయాణాల్లో ముందు పోయే బండి నంబరు ప్లేటు చూసి పిల్లలు ఆడుకోగలిగిన ఆట ఇది.

ఇప్పుడు చూడండి, ట్రేడెడ్ అనే మాట. డి రెండుసార్లు ఉంది. మూడో ప్రశ్నకు అది సరైన జవాబు, రెండో ప్రశ్నకు తప్పు. రిటైర్డ్‌లో ఆర్ రెండు, ఇ రెండు. దాని సంగతీ అంతే. స్క్రాబుల్ కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. మనసులో మాట మెరవగానే బిళ్లలున్నాయా లేదా అని చూడరు. అందుకే మాట తోచిన వెంటనే, కాగితం మీదున్న అక్షరాలను ఒక్కొక్కటే కొట్టేస్తూ రండి. కొట్టేయడానికి అక్షరం మిగల్లేదంటే ఆ మాట చెల్లదు. ఐదు సెకన్ల పని. చివర్లో కంప్యూటర్‌తో చేయించేది కూడా ఈ కొట్టివేతే.

ముందు చేత్తో వెతకడం. అక్షరాలను వరుసగా రాయకండి, గుండ్రంగా రాయండి. వరుసగా రాస్తే కన్ను దాన్ని ఒక మాటలాగా ఎడమ నుంచి కుడికి చదివేస్తుంది, ఆ వరుసనే పట్టుకుని వేలాడుతుంది. చుట్టూ రాస్తే మొదలూ చివరా ఉండవు కాబట్టి ఆ పట్టు సడలుతుంది. బ్రిటన్‌లో క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ పూరించేవాళ్లు మార్జిన్‌లో చేసేది ఇదే. అచ్చులు లోపల, హల్లులు బయట రాస్తే ఇంకా మేలు.

తర్వాత తోకలు లాగాలి. ఇంగ్లిష్‌లో మాట చివర పదేపదే వచ్చే ముక్కలు కొన్ని ఉన్నాయి: ఐ-ఎన్-జి, ఇ-డి, ఇ-ఆర్, ఐ-ఇ-ఆర్, ఇ-ఎస్-టి, ఐ-ఓ-ఎన్, ఎ-ఎన్-టి, ఇ-ఎన్-టి, ఎ-ఎల్, ఐ-టి-ఇ. మన అక్షరాల్లో వీటిలో ఏది ఉందో చూసి, దాన్ని పక్కన పెట్టి, మిగిలిన నాలుగైదు అక్షరాలతో తల వెతకాలి. ఏడక్షరాల చిక్కు నాలుగక్షరాల చిక్కుగా మారుతుంది. నాలుగు అక్షరాలకు పేర్పులు 24 మాత్రమే, అన్నీ వేళ్ల మీద చూసేయొచ్చు.

ఇది ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూద్దాం. డి తీసేసి జి పెడుతున్నాను. ఇప్పుడు ఎ, ఇ, జి, ఐ, ఎన్, ఆర్, టి. తోకగా ఐ-ఎన్-జి లాగితే టి, ఇ, ఎ, ఆర్ మిగిలాయి: టేరింగ్, చించడం. అది పక్కన పెట్టి ఐ-ఇ-ఆర్ లాగండి. టి, ఎ, ఎన్, జి మిగిలాయి: ట్యాంగ్, దానికి తోక తగిలిస్తే టాంగియర్. మళ్లీ మొదటికి రండి, ఐ-టి-ఇ లాగండి. జి, ఆర్, ఎ, ఎన్ మిగిలాయి: గ్రానైట్. మన కరీంనగర్, చీమకుర్తి రాయే. ఇప్పుడు తోక వదిలేసి తల వైపు నుంచి ఐ-ఎన్ లాగితే జి, ఆర్, ఎ, టి, ఇ: ఇన్‌గ్రేట్, అంటే చేసిన మేలు మరిచేవాడు. అవే ఏడు అక్షరాలు, నాలుగు రకాల కోత, నాలుగు మాటలు. ఎక్కడా తిప్పింది లేదు.

జి తీసేసి పి పెట్టండి. ఇ-ఆర్ లాగితే పెయింట్ మిగిలి పెయింటర్. ఆ ఆర్, ఇ రెండింటినే తిరగేసి తలగా పెడితే రీపెయింట్. పి-ఇ-ఆర్ తలగా పెడితే టి-ఎ-ఐ-ఎన్ మిగిలి పర్టెయిన్. పి బదులు ఎల్ పెడితే ఎ-ఎన్-టి తోకతో రిలయంట్, ఎ-ఎల్ తోకతో రెటినల్. ఎం పెడితే ఎం-ఇ-ఎన్-టి తోకతో రెయిమెంట్ వస్తుంది, అది వస్త్రాలకు పాతకాలపు మాట. మినరెట్ కూడా వస్తుంది కానీ ఈ కోతల్లో దేనికీ దొరకదు. మినార్ అని మన నోట్లో ఉంటే సగం తట్టినట్టే. హెచ్ పెడితే రెండు మాటలు అతుక్కున్నది ఒకటుంది: హెయిర్, నెట్, కలిపితే హెయిర్‌నెట్. తోకలూ తలలూ అయిపోయాక ఇలా మూడక్షరాలొకటి, నాలుగక్షరాలొకటి అతికించి చూడటం మంచి అలవాటు.

నేను మారుస్తున్నది ఒక్క అక్షరమే, మిగతా ఆరూ అవే. ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, టి, అంటే రెటీనాలోని ఆరు. పోటీల్లో ఆడే స్క్రాబుల్ ఆటగాళ్లు ఇలాంటి ఆరక్షరాల మొదళ్లను, ముఖ్యంగా రెటీనా, శాటైర్, టిసేన్ అనే మూడింటిని, ఏ అక్షరం కలిస్తే ఏ మాటలొస్తాయో కంఠతా పెడతారు. ఒక్క ఎత్తులో ఏడు బిళ్లలూ వాడితే 50 పాయింట్లు అదనం కాబట్టి ఆ కష్టానికి ఫలితం ఉంది. ఈ ఆరే ఎందుకంటే, సంచిలో ఎక్కువగా ఉండేవాటిలోవే ఇవి. 100 బిళ్లల్లో ఇ 12, ఎ, ఐ తొమ్మిదేసి, ఎన్, ఆర్, టి ఆరేసి. ఈ ఆట రూపకర్త ఆల్ఫ్రెడ్ బట్స్ 1930ల్లో పత్రికల పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కగట్టి ఈ సంఖ్యలు ఖాయం చేశాడు. ఎస్ మాత్రం నాలుగే పెట్టాడు. ఎక్కువ పెడితే ప్రతి మాటకూ బహువచనం తగిలించి ఆట చప్పబడుతుందని.

ఇక మనవాళ్లు ప్రత్యేకంగా ఎక్కడ తడబడతారో చెప్పాలి. తెలుగులో పలికిందే రాస్తాం, రాసిందే పలుకుతాం. ఆ అలవాటుతో ఇంగ్లిష్ అక్షరాల్లో శబ్దాన్ని వెతుకుతాం. వెతకాల్సింది స్పెల్లింగును. కె, ఎన్, ఐ, జి, హెచ్, టి అని ఆరు అక్షరాలిస్తే, థింక్, నైట్, థింగ్ అని శబ్దాల వెంట పోతారు. ఆ మూడూ ఉన్నాయి, నిజమే, ఐదేసి అక్షరాలతో. కానీ కె అనే అక్షరం పలక్కుండా ఎన్ ముందు కూర్చుంటుందని గుర్తొస్తే ఆరూ ఖర్చయ్యే నైట్, గుర్రపు వీరుడు, ఎదురుగానే ఉంటాడు. ఇలా పలకని అక్షరాల కూర్పులు ఓ చిన్న పట్టీ రాసుకోండి: మొదట్లో కె-ఎన్, జి-ఎన్, డబ్ల్యూ-ఆర్, పి-ఎస్; చివర్లో జి-హెచ్-టి, ఎం-బి, ఎం-ఎన్. అన్నింటికన్నా పెద్ద దొంగ చివరి ఇ. ఆర్, ఎ, టి ఉంటే ర్యాట్ చెప్పి ఊరుకుంటారు. పక్కనే ఇ ఉంటే రేట్, టేర్ వస్తాయన్నది తట్టదు, ఆ ఇ పలకదు గనక.

హెచ్ సంగతీ ఇలాంటిదే. మనకు థ, ఛ, ఫ ఒక్కో అక్షరం కావడంతో హెచ్‌ను విడిగా చూడం. బిళ్లల్లో హెచ్ కనబడితే దాని పక్కకు టి, ఎస్, సి, పి, జి, డబ్ల్యూలలో ఏది ఉందో ముందు జత కట్టండి. జతను ఒకే అక్షరంగా ఎంచుకుంటే అప్పుడు లెక్కకు ఒక అక్షరం తగ్గినట్టే.

ఇంకో రెండు మూడు గబగబా. సి-కె జంట మాట మొదట్లో రాదు. మామూలు మాటలు వి తో ముగియవు, వెనక ఇ ఉండాలి. మూడు హల్లుల శబ్దాలు వరసగా మొదట్లో వస్తే వాటిలో మొదటిది ఎస్: స్ట్రీట్, స్ప్లిట్, స్క్రూ. అచ్చులేవీ లేకపోతే వై కోసం చూడండి: రిథమ్, మిత్, హిమ్, క్రిప్ట్, లింక్స్ అనే అడవిపిల్లి. అచ్చులే ఎక్కువైతే ఆడియో, అడ్యూ, ఈరీ లాంటివి ముందే తెలిసి ఉండాలి, అప్పటికప్పుడు తట్టవు. క్యూ పక్కన యు లేదని చేతులెత్తేయకండి. ఖాజీని క్యూ-ఎ-డి-ఐ అని, తలాక్‌ను టి-ఎ-ఎల్-ఎ-క్యూ అని, ఫకీరును ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్ అని స్క్రాబుల్ జాబితాలు ఒప్పుకుంటాయి. రెండక్షరాల్లో అయితే క్యూ-ఐ. హైదరాబాదీలకు ఈ మాటలు అర్థంతో సహా తెలుసు, ఇంగ్లండు ఆటగాడు బట్టీ పట్టాలి.

అర్థం అన్నాను గనక, అర్థం తెలియకపోయినా ఈ పని నడుస్తుందని చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ భాషా స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు, 2024లో స్పానిష్‌ది గెలిచాడు. ఆ రెండు భాషలూ ఆయనకు మాట్లాడటం రాదు. ఆయన నేర్చుకున్నది అక్షరాల గుంపులను. పిల్లలకు ఇంగ్లిష్ నేర్పడానికి ఇది దారి కాదు, అది వేరే సంగతి. ఆటకు మాత్రం ఇదే దారి.

ఆ గుంపుల్ని గుర్తుపెట్టుకునే తీరు చాలా సాదా. ఏ అక్షరాలొచ్చినా ముందు వాటిని అకారాది వరుసలో, అంటే ఎ నుంచి జెడ్ వైపుగా, సర్దేస్తారు. నేను బోర్డు మీద రాసిన ఎ, డి, ఇ, ఐ, ఎన్, ఆర్, టి కూడా ఆ వరుసలోనే ఉంది. ఆటగాళ్లు దీన్ని ఆల్ఫాగ్రామ్ అంటారు. ట్రెయిన్డ్ అక్షరాలు సర్దినా, డీట్రెయిన్ అక్షరాలు సర్దినా వచ్చేది ఈ ఒక్క రూపమే. అవే అక్షరాలు 5,040 వేషాల్లో వచ్చినా గుర్తుపట్టాల్సిన ముఖం ఒక్కటే. కంప్యూటర్ పద్ధతికి పునాది కూడా ఇదే.

కంప్యూటర్ దగ్గరికి పోయే ముందు పదాల జాబితా గురించి నాలుగు ముక్కలు. జాబితా ఏదైతే జవాబు అది. మన దేశంలో స్క్రాబుల్ పోటీలు ఆడేవాళ్లకు కాలిన్స్ జాబితా ప్రమాణం. 2019 నాటి కూర్పులో 2,79,000 పైచిలుకు మాటలున్నాయి. అమెరికా, కెనడాల జాబితా వేరు, 2018 నాటిది 1,92,000 దాకా. రెండక్షరాల మాటలే కాలిన్స్‌లో 127, అక్కడ 107. అమెరికాలో ఉన్న మన పిల్లలూ ఇక్కడి పిల్లలూ ఆన్‌లైన్‌లో ఆడుకుంటూ "ఆ మాట చెల్లదు" అని పోట్లాడుకుంటే, ఆట మొదలెట్టే ముందు ఏ జాబితానో అడగలేదని అర్థం. సొంతంగా ప్రోగ్రాం రాసుకునేవాళ్లకు ఎనేబుల్ అనే జాబితా ఉంది, కాపీరైటు బెడద లేదు, 1,72,000 పైన మాటలు. మ్యాక్ కంప్యూటర్లో వర్డ్స్ అనే ఫైలు ముందే ఉంటుంది, దాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. అది 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులోని పదపట్టిక. బహువచనాలూ, క్రియల రూపాలూ చాలావరకు ఉండవు. "రిటెయిన్స్ రావడం లేదేమిటి" అంటే తప్పు మీ ప్రోగ్రాంది కాకపోవచ్చు.

లినక్స్‌లోనో మ్యాక్‌లోనో గ్రెప్, అంటే ఇచ్చిన నమూనాకు సరిపోయే వరుసలను ఫైలులోంచి ఏరే ఆదేశం, వాడటం తెలిసినవాళ్లకు ప్రోగ్రాం రాయాల్సిన పనే లేదు. మూడో ప్రశ్నకు నమూనా ఇలా ఉంటుంది: మొదట టోపీ గుర్తు, తర్వాత చదరపు బ్రాకెట్లలో మన ఏడు అక్షరాలు, ఆ బ్రాకెట్ వెనక ప్లస్, చివర డాలర్. మాట మొదటి నుంచి చివరి దాకా ఈ ఏడే ఉండాలని దాని భావం. ప్లస్ పనిచేయాలంటే గ్రెప్‌కు పెద్ద ఇ ఐచ్ఛికం ఇవ్వాలి, మర్చిపోతే ఒక్క మాటా రాదు. టోపీ, డాలర్ మర్చిపోతే దాదాపు నిఘంటువంతా వచ్చిపడుతుంది. ఐదో ప్రశ్నకు టి, చుక్క, నక్షత్రం, ఆర్, చుక్క, నక్షత్రం, ఎన్. నాలుగో ప్రశ్నకు ఒక్కో అక్షరానికి ఒక్కో గ్రెప్ చొప్పున ఏడు గ్రెప్‌లు పైపుతో, అంటే ఒకదాని ఫలితం తర్వాతిదానికి అందేలా, గొలుసు కట్టడం అన్నింటికన్నా తేలిక. చూడ్డానికి మోటుగా ఉన్నా తప్పు పోదు.

రెండో ప్రశ్న దగ్గర గ్రెప్ కాస్త ఇబ్బంది పెడుతుంది. మూడో ప్రశ్న జవాబు తీసుకుని, అందులో ఏ అక్షరమైనా రెండుసార్లు వచ్చిన మాటల్ని ఏరేస్తే చాలు కదా అంటారు. మన ఏడూ వేర్వేరు కాబట్టి ఇక్కడ అది నడుస్తుంది. ఇ, ఇ, ఎన్, ఆర్, టి అని ఇచ్చారనుకోండి. ఎంటర్‌లో ఇ రెండుసార్లు ఉంది, న్యాయంగా రావాల్సిన మాట, మీ వడపోతలో పోతుంది. పోనీ ఏరివేత మానేస్తే ఇ మూడు, టి రెండు ఉన్న టీటర్ లోపలికొస్తుంది. అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే చోట లెక్క తప్పదు.

ఆ లెక్క చేసే తీరు చెబుతాను. 26 గళ్లు పెట్టుకోండి, ఒక్కో అక్షరానికి ఒకటి. మీ దగ్గర ఏ అక్షరం ఎన్ని ఉన్నాయో ఆ గళ్లలో రాయండి. జాబితాలో ఒక్కో మాట తీసుకుని, గళ్లకు ఒక నకలు చేసుకుని, మాటలోని ఒక్కో అక్షరానికీ దాని గడిలోంచి ఒకటి తీసేయండి. ఏ గడైనా సున్నాకు కిందికి పోతే ఆ మాట వదిలేసి తర్వాతిదానికి పొండి. చివరిదాకా ఏ గడీ సున్నాకు కిందికి పోకపోతే మాట చెల్లినట్టు. నకలు చేయడం మరచి అసలు గళ్లలోంచే తీసేస్తే మొదటి ఒకటి రెండు మాటల తర్వాత అన్నీ తిరస్కారమే. కొత్తగా రాసేవాళ్లు తరచూ ఇక్కడే పడతారు. మొత్తం కాలిన్స్ జాబితాను ఇలా చూడటానికి మామూలు ఫోనుకు కూడా సెకను పట్టదు. ఒకరు వాడుకునే పనిముట్టుకు ఇంతకుమించి అక్కర్లేదని నా అభిప్రాయం.

వేలమంది ఒకేసారి అడిగే సర్వర్ అయితే అప్పుడు ఆల్ఫాగ్రామ్ పట్టిక కట్టుకోవాలి. జాబితాలోని ప్రతి మాటకూ అక్షరాలు సర్దిన రూపం రాసి, ఆ రూపం కింద ఆ మాట చేర్చాలి. ఇది ఒక్కసారి చేసే పని. తర్వాత ఎవరైనా ఏడు అక్షరాలిస్తే, వాటిని సర్ది, వాటిలో రెండూ ఆపైన అక్షరాలున్న ఉపగుంపులన్నీ తీసి, ఒక్కోదాన్నీ పట్టికలో చూడాలి. అవి 120 మాత్రమే. 13,692 పేర్పులు 120 చూపులకు దిగాయి. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ల ఒకటుంటే దాని స్థానంలో 26 అక్షరాలూ పెట్టి చూడాలి, అప్పటికీ 3,120 దాటవు. ఖాళీలు రెండైతే అక్షరాల జంటలు 351, వాటిని ఒక్కొక్కటే పెట్టాలి.

అక్షరానికో ప్రధాన సంఖ్య ఇచ్చి, ఎ కి 2, బి కి 3, సి కి 5 అలా, మాటంతా గుణిస్తే అనగ్రామ్‌లకు ఒకే లబ్ధం వస్తుందని ఒక ముచ్చటైన ఉపాయం ఇంటర్వ్యూల్లో చెబుతుంటారు. లెక్క నిజమే. పొడుగు మాటలకు లబ్ధం 64 బిట్లలో పట్టక పొంగిపోతుంది, అప్పుడు సంబంధం లేని మాటలు కలిసిపోయే ప్రమాదం ఉంది. అక్షరాలు సర్దుకోవడమే నయం. అలాగే 26 బిట్ల ముసుగు, ఉన్న అక్షరానికి 1, లేనిదానికి 0. మూడో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ ఇది మెరుపు వేగంతో పనిచేస్తుంది, రెండో ప్రశ్నకు ఒంటరిగా పనికిరాదు, ఎన్నిసార్లు అన్నది అందులో ఉండదు కాబట్టి. బోర్డు మీద ఇప్పటికే ఉన్న మాటలకు అతికేలా వెతకాలంటే ఇవేవీ చాలవు. దానికి కంప్యూటర్ పరిశోధకులు ఆపెల్, జేకబ్‌సన్‌లు 1988లో డాగ్ అనే పదజాలపు అల్లిక వాడి చూపించారు, 1994లో గోర్డన్ దాన్ని గ్యాడాగ్‌గా మార్చి ఇంకా వేగం తెచ్చాడు. అది వేరే ఉపన్యాసం.

ప్రోగ్రాం సరిగ్గా ఉన్నా జవాబులు రాకపోవడానికి మామూలు కారణాలు ఫైలులోనే ఉంటాయి. విండోస్‌లో సేవ్ చేసిన ఫైలుకు ప్రతి వరుస చివరా కనిపించని ఒక గుర్తు అదనంగా ఉంటుంది. గ్రెప్‌లో డాలర్ పెడితే ఆ గుర్తు అడ్డొచ్చి ఒక్క మాటా దొరకదు. ఆల్ఫాగ్రామ్ కట్టినా ఆ గుర్తు అక్షరంగా లెక్కకొస్తుంది. కొన్ని ఫైళ్ల తొలి వరుస ముందు ఇంకో దాపుడు గుర్తు ఉంటుంది, దాంతో మొదటి మాట ఒక్కటే పోతుంది, అది ఎవరూ గమనించరు. క్యాపిటల్ అక్షరాలు, చిన్న అక్షరాలు కలిసి ఉంటే ముందు అన్నీ చిన్నవి చేయాలి. అపాస్ట్రఫీ ఉన్న వరుసలను తీసేయాలి. కెఫే చివరి ఇ మీద గీత ఉంటే కంప్యూటర్‌కు అది ఇ కాదు, ఇంకో అక్షరం.

దాచిన ఐదక్షరాల మాటను ఊహించే ఆట వర్డ్‌ల్ గురించి ఒక్క మాట, చాలామంది అడుగుతారు గనక. అక్కడ అక్షరాల గుంపుకు తోడు స్థానం కూడా షరతే. సరైన చోట పడ్డ అక్షరం పచ్చగా వస్తుంది. బూడిద రంగు పడితే ఆ అక్షరం లేదని తీసేస్తారు, అది అన్నివేళలా నిజం కాదు. జవాబు క్రేన్ అనుకోండి, మీరు ఈరీ అని పెట్టారు. చివరి ఇ పచ్చగా వస్తుంది, మొదటి రెండు ఇలు బూడిదగా వస్తాయి. ఇంకో ఇ లేదని మాత్రమే అవి చెబుతున్నాయి. సొంత వడపోత రాసుకునేవాళ్లు బూడిద పడ్డ అక్షరాన్ని ఎడాపెడా తీసేస్తే అసలు జవాబే ఎగిరిపోతుంది.

మీ పనిముట్టు తయారయ్యాక మూడు పరీక్షలు పెట్టండి. మొదట మన ఏడు అక్షరాలు, అన్నీ వాడే షరతుతో. ట్రెయిన్డ్, డీట్రెయిన్ రెండూ రావాలి. ఒకటే వస్తే జాబితా చిన్నది, రెండూ రాకపోతే వరుస చివరి గుర్తులు చూసుకోండి. రెండోసారి ఇ, ఇ, ఎన్, ఆర్, టి, కొన్ని వాడినా చాలనే షరతుతో. ఎంటర్, ట్రీ రావాలి, టీటర్ రాకూడదు. మూడోది ఖాళీ బిళ్ల: ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, టి, ఒక ఖాళీ. సర్టెన్, హెయిర్‌నెట్, మినరెట్ దాదాపు అందరికీ వస్తాయి. ట్రెయినీ, టెర్రెయిన్, నైట్రేట్, ఇనర్షియా కూడా వచ్చాయో లేదో చూడండి. రాలేదంటే, ఖాళీ స్థానంలో చేతిలో లేని అక్షరాలనే పెట్టి చూస్తోంది మీ ప్రోగ్రాం. ఖాళీ బిళ్ల చేతిలో ఉన్న అక్షరానికి రెండో కాపీగా కూడా నిలబడొచ్చు, 26 అక్షరాలనూ తిప్పించండి.